దారిలో ఎదురైన మాట

నెల్లూరు, ఆదివారం.

పొద్దున దోసెల్లోకి నిన్నటి చేపల పులుసు. రాత్రే దాకలో చేసి, కదపకుండా పక్కన పెట్టింది అమ్మ. మామిడికాయ ముక్కలు మెత్తబడ్డాయి, నూనె పైకి తేలింది. దోసె తిరగేస్తూ అమ్మ మా పాపను అడిగింది, "స్కూల్లో ఆ ఇంగ్లీషు పద్యం నిన్నే చెప్పమన్నారామ్మా?"

ఫోన్లోంచి తలెత్తకుండా "ఆబ్వియస్లీ అవ్వా" అంది పాప.

అమ్మకు ఆ మాట తెలియదు, గొంతు మాత్రం అర్థమైంది. ఇంకేమీ అడగలేదు. నాకు మనసు చివుక్కుమంది.

పాపను పక్కన కూర్చోబెట్టుకున్నాను. పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవాణ్ణి, ఆ మాటంటే నాకు ఇష్టం కూడా. లాటిన్‌లో 'ఆబ్' అంటే ఎదురుగా, 'వియా' అంటే దారి. నడిచే దారిలో ఎదురుపడేది ఆబ్వియస్. మనం వెతకనక్కర్లేదు, అదే ఎదురొస్తుంది. దాదాపు అదే అర్థమున్న ఎవిడెంట్‌లో ఉన్నది దారి కాదు, చూపు. వీడియో అన్న మాటా అక్కడిదే, మన 'విద్య'లో ఉన్న 'విద్' ధాతువు దానికి చుట్టమే.

ఎపరెంట్లీ దగ్గరే మా టెన్త్ పిల్లలు పొరబడతారు. ఎపరెంట్ అంటే కనబడుతున్నది కాబట్టి ఎపరెంట్లీ అంటే 'స్పష్టంగా' అని రాసేస్తారు. ఇప్పటి వాడుకలో అది మన 'అట'. 'ఎపరెంట్లీ హీ ఈజ్ ఇల్' అంటే అతనికి ఒంట్లో బాగాలేదట. ఆ చివరి 'ట' చెప్పాక పిల్లలు మళ్ళీ తప్పు రాయరు.

ఆబ్వియస్లీ మాటల మధ్యలో వస్తే 'మీకు తెలిసిందే' అన్నట్టు మర్యాదగానే ఉంటుంది. ప్రశ్నకు జవాబుగా అదొక్కటే విసిరితే 'ఆ మాత్రం తెలీదా' అన్నట్టు తగులుతుంది. ముంజేతి కంకణానికి అద్దమెందుకు అంటాం. ఆ చెయ్యి మనదైనప్పుడు కదా! 1776లో అమెరికా వాళ్ళు స్వాతంత్ర్య ప్రకటనలో, మనుషులంతా సమానంగా పుట్టారన్నది వేరే రుజువు అక్కర్లేని సత్యమని రాశారు. సంతకాలు పెట్టినవాళ్ళలో చాలామందికి అప్పుడు బానిసలున్నారు. అంత పెద్ద సంగతి వాళ్ళ ఇంటి గడపలోనే ఎదురుపడలేదు. అక్కడ బానిసత్వాన్ని చట్టం తీసేసింది 1865లో.

"నీ స్కూలు సంగతి నీ దారిలో నీకు ఎదురైంది. అవ్వ ఆ దారిలో నడవలేదు కదమ్మా," అన్నాను.

పాప కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి నిన్న రాత్రి, పులుసు అప్పుడే తింటే ఏమని నేనడిగితే, 'అది కూడా చెప్పాల్నా' అనలేదా అవ్వ?" అంది.

అన్నది నిజమే. నేను అక్కడే ఉండి విన్నాను, నాకేమీ అనిపించలేదు. చిన్నప్పటి నుంచీ పులుసు మర్నాడు తినడమే తెలుసు, ఎందుకని నేనూ ఏనాడూ అడగలేదు.

పాప లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. "పద్యం నాకే ఇచ్చారవ్వా. క్లాసులో నేను గట్టిగా చదువుతానని."

అమ్మ ఆ మాట ఇంకోసారి చెప్పించుకుంది. తర్వాత దాక మూత తీసి, గరిటెతో ఒక ముక్కను మెల్లగా విరిచి లోపల చూపించింది.

"చూడు, లోపలంతా ఎట్టా ఎర్రబడిందో. రాత్రి దించినప్పుడు ఇది తెల్లగా ఉండిందమ్మా. అప్పుడు తింటే పులుసు పులుసే, ముక్క ముక్కే."