ఆఫ్రికాలో కుర్రాళ్ళు వ్యవసాయం ఎందుకు వదిలేస్తున్నారంటే

"ఆఫ్రికా యూత్‌కి మట్టి పనంటే చిన్నచూపు, అందుకే సిటీలకి పోతున్నారు" అనే మాట ఎక్కడ విన్నా నాకు ఒళ్ళు మండుతుంది. చాలా ఊళ్ళలో భూమి తండ్రి చేతిలోనో ఊరిపెద్ద చేతిలోనో ఉంటుంది, పాతికేళ్ళ కుర్రాడు పొద్దున్నించి సాయంత్రం దాకా అదే పొలంలో పని చేస్తాడు కానీ పంట అమ్మిన డబ్బు ఇంటి పెద్దకే పోతుంది, అక్కడ ఏం వేయాలో కూడా వాడు చెప్పలేడు. ఆడపిల్లలకైతే మరీ అన్యాయం, చాలాచోట్ల పుట్టింట్లో వాటా ఉండదు, అత్తింట్లో ఏదైనా దక్కితే అది భర్త ఉన్నంత వరకే. వాళ్ళ ప్లేస్‌లో ఎవరున్నా బస్సెక్కేస్తారు కదా.

ఆ ఖండం జనాభాలో దాదాపు సగం మంది 19 ఏళ్ళ లోపు వాళ్ళే. ఏటా కోటి మందికి పైగా యువత పని వెతుక్కుంటూ బయటికి వస్తుంటే జీతం ఉద్యోగాలు దాదాపు 30 లక్షలే పుడుతున్నాయని ఆఫ్రికన్ డెవలప్‌మెంట్ బ్యాంక్ ఎప్పట్నించో చెప్తోంది. మిగతావాళ్ళని ఫ్యాక్టరీలు తీసుకోలేవు, అంతమందికి చోటివ్వగలిగేది తిండి చుట్టూ ఉన్న పనులే.

ప్రభుత్వాలకి ఇది తెలీక కాదు. బడ్జెట్‌లో 10 శాతం వ్యవసాయానికి పెడతామని 2003లో మొజాంబిక్ రాజధాని మపూటోలో జరిగిన ఆఫ్రికన్ యూనియన్ సమావేశంలో మాటిచ్చారు, కనీసం 30 శాతం యువతకి ఈ రంగంలో అవకాశాలు కల్పిస్తామని 2014లో ఈక్వటోరియల్ గినీలోని మలాబో సమావేశంలో అన్నారు. ఆ 10 శాతాన్ని చాలా దేశాలు ఇప్పటికీ అందుకోలేదు.

నా గొడవేంటంటే, యూత్ పేరు చెప్పి వచ్చే డబ్బులో ట్రైనింగ్‌లకి పోయేది మరీ ఎక్కువ. ట్రైనింగ్ వద్దనట్లేదు. పశ్చిమ ఆఫ్రికా దేశం బెనిన్‌లో పోర్టో-నోవో దగ్గర 1985లో ఫాదర్ న్జముజో మొదలుపెట్టిన సాంఘై అనే వ్యవసాయ ట్రైనింగ్ సెంటర్ చూడండి, అక్కడ పశువుల పేడ బయోగ్యాస్ అవుతుంది, వ్యర్థాల మీద పెంచిన పురుగులు చేపలకి మేత అవుతాయి, పిల్లలు ఆ పనుల్లో చెయ్యిపెట్టే నేర్చుకుంటారు, సెంటర్ తన సరుకు తనే అమ్ముకుంటుంది. అంత బాగా నేర్చుకున్న కుర్రాడు కూడా ఇంటికెళ్ళాక భూమి లేక, చేతిలో పెట్టుబడి లేక ఆగిపోతే నేర్పించి ఏం లాభం?

భూమి లేకపోయినా మొదలుపెట్టే పనులున్నాయి, నాకు బాగా నమ్మకం ఉన్నది కూడా వాటి మీదే. కర్రపెండలం తీసుకోండి, నైజీరియా ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పండిస్తుంది, కానీ దుంప తవ్విన రెండు మూడు రోజుల్లోనే లోపల నల్లబడిపోతుంది. వెంటనే చెక్కు తీసి, కడిగి, తురిమి, గోనెసంచుల్లో వేసి బరువు పెట్టి నీళ్ళు పిండేసి, జల్లించి పెద్ద మూకుళ్ళలో వేయిస్తే గర్రి అనే రవ్వ వస్తుంది, అది నెలల తరబడి ఉంటుంది. ఈ పని ఎక్కువ చేసేది ఆడవాళ్ళే, తురిమే మిషన్ ఊళ్ళో లేకపోతే చాలా దుంపలు పొలంలోనే ఉండిపోతాయి. ఒక అమ్మాయికి ఆ మిషన్, చిన్న ఇంజన్, నాలుగు నెలల ఖర్చులకి డబ్బు ఇస్తే చుట్టుపక్కల రైతుల దుంపలన్నీ తురిమిపెట్టి కూలి తీసుకుంటుంది. నైజీరియాలోనే కోల్డ్‌హబ్స్ అనే కంపెనీ వాళ్ళు మార్కెట్లలో సోలార్ కోల్డ్ రూమ్‌లు పెట్టి క్రేట్‌కి రోజుకింత అని తీసుకుంటారు, ఇలాంటి రూమ్ నడిపే పని పల్లెటూరి పిల్లలకి ఎంత బాగా సరిపోతుందో.

అప్పు దగ్గరే అన్నీ ఆగిపోతున్నాయి. బ్యాంకుకెళ్తే తాకట్టు పెట్టమంటారు, పట్టా ఉండేది తండ్రికి, అసలు చాలామందికి అదీ ఉండదు. ఇచ్చినా నెలనెలా వాయిదా కట్టమంటారు, కర్రపెండలం చేతికి రావడానికే దాదాపు ఏడాది పడుతుంటే నెలనెలా ఎక్కడ్నించి కడతారు? పంట అమ్మాకే వాయిదా ఉండాలి, తాకట్టు బదులు గ్రూపు పూచీ తీసుకోవాలి, మిషన్ లీజుకివ్వాలి. కౌలుకి తీసుకుంటే కనీసం ఐదేళ్ళు ఎవరూ ఖాళీ చేయించకుండా రాసిచ్చిన కాగితం ఉండాలి, లేకపోతే ఎవడు చెట్టు నాటతాడు, ఎవడు బోరు వేస్తాడు.

2025 జనవరిలో ఉగాండా రాజధాని కంపాలాలో ఆఫ్రికన్ యూనియన్ దేశాలు వ్యవసాయం మీద కొత్త డిక్లరేషన్ చేశాయి, దాని ప్లాన్ 2026 నుంచి 2035 దాకా. ప్రతి దేశం బడ్జెట్‌లో ఇలాంటి లోన్లకీ కౌలు కాగితాలకీ విడిగా డబ్బు పెట్టాలి, ఆ డబ్బు ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో పాతికేళ్ళ వాళ్ళు కూడా ఓటు వేసే హక్కుతో ఉండాలి.