‘స్వాధీనం చేసుకుంది’ అని కనబడితే నేను ఎలా చదివానంటే

గ్రూప్స్‌కి చదువుతున్న ఫ్రెండ్స్ కోసం ఇది. మన నోట్స్‌లో అన్నిటికన్నా ఎక్కువగా కనబడే వాక్యాల్లో ‘ఆ ప్రాంతాన్ని కంపెనీ (ఈస్టిండియా కంపెనీ) స్వాధీనం చేసుకుంది’ ఒకటి. హిస్టరీ పుస్తకం మూసి పాలిటీ తీస్తే ప్రభుత్వం భూమిని స్వాధీనం చేసుకుంటుంది. పేపర్ తెరిస్తే ఈడీ (ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్) ఆస్తులు స్వాధీనం చేసుకుంటుంది. చదివేటప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది. హాల్లో నాలుగు స్టేట్‌మెంట్లిచ్చి ‘ఏవి సరైనవి’ అని అడిగితే అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

నేను పట్టుకున్న దారి ఒక్కటే. ఆ మాట కనబడిన ప్రతిచోటా రెండు విషయాలు వెతికేవాణ్ణి: ఏం చూపించి తీసుకున్నారు, తీసుకున్నాక హక్కు ఎవరి పేరు మీద ఉంది.

గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలంతో మొదలుపెట్టండి. ఎగ్జామినర్లకు బాగా ఇష్టమైన చోటు ఇది. నేను సంవత్సరాల వరస పక్కనపెట్టి, చూపించిన సాకుల వారీగా రాసుకున్నాను. వారసుడు లేడన్న సాకుతో, అంటే రాజ్యసంక్రమణ సిద్ధాంతం కింద, సతారా (1848), సంబల్‌పూర్ (1849), నాగ్‌పూర్ (1854), ఝాన్సీ పోయాయి. పంజాబ్ (1849) యుద్ధంలో ఓడి పోయింది. అవధ్ (1856) పాలన బాగాలేదన్న సాకుతో పోయింది. అక్కడి నవాబు వాజిద్ అలీ షాకి కొడుకులు ఉన్నారు, కాబట్టి వారసుడి మాటే రాదు. సంక్రమణ సిద్ధాంతం జాబితాలో అవధ్‌ని దూర్చి అడగడం పాత ట్రిక్కే అయినా ఇప్పటికీ చాలామంది పడిపోతున్నారు. ఝాన్సీకి కొన్ని పుస్తకాల్లో 1853, కొన్నిటిలో 1854 ఉంటుంది. రాజా గంగాధరరావు చనిపోయింది 1853 నవంబరులో, రాజ్యాన్ని కలిపేసుకుంది 1854లో. ఇది తెలిస్తే ఆప్షన్లు చూసి తేల్చుకోవచ్చు.

ఇక బేరార్ (ఇప్పుడు మహారాష్ట్రలో ఉంది). తెలంగాణ హిస్టరీ చదివేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. హైదరాబాద్ కంటింజెంట్ (నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారుల కింద నడిచే సైన్యం) ఖర్చు బాకీ పడిందని 1853లో నిజాం నుంచి బేరార్, రాయచూర్ అంతర్వేది (కృష్ణా, తుంగభద్రల మధ్య నేల), ధారాశివ్ రాయించుకున్నారు. కంపెనీకి వెళ్లింది పాలన, ఆదాయం. సార్వభౌమత్వం మాత్రం నిజాందే. 1857 తిరుగుబాటులో తమకు తోడున్నందుకు 1860లో రాయచూర్, ధారాశివ్ నిజాంకి తిరిగి ఇచ్చేశారు. సార్వభౌమత్వం నిజాందే కాబట్టే బేరార్ కోసం ఆయన దివాన్ సాలార్‌జంగ్ అంతగా పోరాడాడు. అందుకే 1902లో వైస్రాయ్ కర్జన్ ఏడాదికి 25 లక్షల రూపాయలకు శాశ్వత లీజు రాయించుకోవాల్సి వచ్చింది. తనదే అయిన నేలకు ఎవరూ అద్దె కట్టరు కదా! 1936లో నిజాం పెద్దకొడుకుకి ‘ప్రిన్స్ ఆఫ్ బేరార్’ బిరుదు దక్కడం కూడా ఆ మిగిలిన హక్కు చలవే. మెయిన్స్‌లో ఈ ఒక్క గొలుసు రాస్తే చాలు, దిద్దేవాళ్లకు మీరు బట్టీ పట్టలేదని తెలిసిపోతుంది.

ఆంధ్ర హిస్టరీలో దీనికి జోడీ సర్కారులు (కోస్తా జిల్లాలు), దత్తమండలాలు (రాయలసీమ వైపు). ఉత్తర సర్కారులు 1766 ఒప్పందంతో, ఏటా పేష్కష్ (కప్పం) కట్టే షరతు మీద వచ్చాయి. గుంటూరు నిజాం సోదరుడు బసాలత్ జంగ్ బతికున్నంతకాలం అతని దగ్గరే ఉండాలన్నారు, చివరికి 1788లో కంపెనీ చేతికొచ్చింది. దత్తమండలాల కథ వేరు. సైన్య సహకార పద్ధతిలో (అంటే కంపెనీ సైన్యాన్ని తన ఖర్చుతో ఉంచుకోవడం) పెట్టిన సైన్యం ఖర్చుకి ప్రతిగా 1800లో నిజాం బళ్లారి, అనంతపురం, కడప వైపు ప్రాంతాలను పూర్తిగా వదులుకున్నాడు. కర్నూలు నవాబు రాజ్యం మాత్రం 1839 వరకు నిలిచి, కుట్ర ఆరోపణ మీద పోయింది. సీమ మొత్తం 1800లోనే వచ్చిందనే స్టేట్‌మెంట్ కనబడితే జాగ్రత్త.

పాలిటీలో ఇదే ప్రశ్న తిరగబడుతుంది. భూభాగం తెచ్చుకోవడం తేలిక, ఇవ్వడం కష్టం. కొత్తగా సంపాదించిన భూభాగం ఆర్టికల్ 1 ప్రకారం దానంతట అదే దేశంలో భాగం అవుతుంది. ఇచ్చేయాలంటే మాత్రం రాజ్యాంగ సవరణ కావాలని బెరుబారీ (పాకిస్తాన్‌కి ఇవ్వాలనుకున్న బెంగాల్ ప్రాంతం) వ్యవహారంలో 1960లో సుప్రీంకోర్టు చెప్పింది. 9వ సవరణ అలా వచ్చింది. 2015లో బంగ్లాదేశ్‌తో సరిహద్దు మార్పిడికి 100వ సవరణ చేయాల్సి వచ్చింది కూడా ఇందుకే. పుదుచ్చేరికి రెండు తేదీలు: పాలన చేతికొచ్చింది 1954 నవంబర్ 1న, చట్టబద్ధంగా బదిలీ అయింది 1962 ఆగస్టు 16న. మన యానాం కూడా అందులోదే. దేశంలో చేర్చుకున్న సవరణలైతే గోవాకి 12, పుదుచ్చేరికి 14, సిక్కింకి 36. వీటిని మాత్రం బట్టీ పట్టాల్సిందే, వేరే దారి నాకు దొరకలేదు.

హైదరాబాద్ దగ్గర విలీనమా, విమోచనమా అనే వాదనలోకి ప్రిలిమ్స్ కోసం దిగొద్దు. 1947 నవంబరులో యథాతథ ఒప్పందం (ఉన్న సంబంధాలు అలాగే కొనసాగాలన్నది), 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 వరకు సైనిక చర్య, 1949 నవంబరులో భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ నిజాం ఫర్మానా. ఈ మూడు మెట్లు వరసలో ఉంటే చాలు.

ఆస్తి సంగతికొస్తే 44వ సవరణ (ఆస్తి ప్రాథమిక హక్కు కాకుండా పోయింది), ఆర్టికల్ 300ఎ (చట్టం లేకుండా ఆస్తి తీసుకోకూడదు) అందరూ చదువుతారు. మార్కులు పోయేది భూసేకరణ, భూసమీకరణల దగ్గర. 2013 చట్టం కింద భూసేకరణలో ప్రభుత్వం పరిహారమిచ్చి హక్కు తీసుకుంటుంది. ప్రైవేటు కంపెనీల కోసమైతే 80 శాతం, పీపీపీ (ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య) ప్రాజెక్టులకైతే 70 శాతం బాధిత కుటుంబాల ఒప్పుకోలు ఉండాలి. సమీకరణలో రైతు తనంతట తాను భూమి ఇచ్చి, అభివృద్ధి చేసిన ప్లాటు వెనక్కి తీసుకుంటాడు. అమరావతిలో దీనికి తోడు పదేళ్ల కౌలు కూడా ఉంది.

ఈడీ వార్తల్లో ‘జప్తు’ అని పెద్దక్షరాలతో వేసేది మొదటి దశలో తాత్కాలిక జప్తే. అది 180 రోజుల్లోగా ఖరారు కాకపోతే నిలవదు. ఖరారైనా ఆస్తి ఇంకా యజమాని పేరు మీదే ఉంటుంది, అమ్ముకోలేడంతే. పూర్తిగా ప్రభుత్వపరం కావాలంటే ప్రత్యేక కోర్టు తేల్చాలి. కరెంట్ అఫైర్స్‌కి పేపర్ చదివేటప్పుడు అలాంటి హెడ్డింగ్ పక్కన పెన్సిల్‌తో ‘పేరు మారిందా?’ అని రాసుకునేవాణ్ణి.

ఇక ఎవరూ చూడని ఆర్టికల్ ఒకటుంది, 296. వారసులు లేని ఆస్తి, యజమాని లేని ఆస్తి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రానికి, మిగతా సందర్భాల్లో కేంద్రానికి పోతుంది. రెండు నిమిషాల పని, డల్హౌసీ చాప్టర్ అయిపోగానే చదివేయండి.