టైషా ఏమైపాయ?

ఉరితాడు మెడకు బిగిసినాక బ్రియెన్ అనే యోధురాలు ఒక మాట అరుస్తుంది. ఒకే ఒక్క మాట. అది ఏ మాటో పుస్తకంలో అచ్చు కాలేదు, అధ్యాయం అక్కడే తెగిపోతుంది. 'ఎ ఫీస్ట్ ఫర్ క్రోస్' 2005లో వచ్చింది. దాని తరవాతి పుస్తకం 'ఎ డాన్స్ విత్ డ్రాగన్స్' 2011లో వచ్చింది. అందులో బ్రియెన్ ప్రాణాలతో జేమీ లానిస్టర్ ఎదుటికి వచ్చి, నువ్వు వెతకమన్న పిల్ల దొరికింది, ఒంటరిగా నా వెంట రా అంటుంది. జేమీ పోతాడు. ఆ ఇద్దరూ ఏమైనారో ఇప్పటిదాకా అచ్చులోకి రాలేదు.

చదవనివాళ్ళకు ముందే చెప్తున్నా, జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ రాస్తున్న 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' కథలో పెద్ద మలుపులన్నీ ఈ పోస్టులో బయటపడతాయి. చదవాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగండి.

బ్రియెన్ అరిచిన మాట 'కత్తి' అనే నా నమ్మకం. చచ్చి లేచి వచ్చిన క్యాటలిన్ ఆమెకు రెండే దారులు చూపించింది: కత్తి పట్టి జేమీని చంపుతానని ఒప్పుకో, లేదంటే ఉరి. తనొక్కదాని ప్రాణమే అయితే బ్రియెన్ నోరు తెరిచేది కాదు. పక్క కొమ్మకు పాడ్రిక్ అనే పిల్లోడు కూడా వేలాడుతున్నాడు, కాళ్ళు కొట్టుకుంటున్నాడు. వాన్ని చూసినాకే ఆ మాట వచ్చింది. కాబట్టి మాటేమిటన్నది నన్ను పెద్దగా బాధపెట్టదు. క్యాటలిన్‌కు చేసిన ప్రమాణం ఒక పక్క, జేమీకిచ్చిన మాట ఇంకో పక్క ఉంటే, ఇచ్చిన మాటే ప్రాణంగా బతికిన మనిషి ఎవరిని మోసం చేస్తుంది? నన్ను తొలిచేది అది.

నేను ఈ పుస్తకాలు ఇంగ్లీషులో చదివి, అనంతపురంలో మా మిద్దె మీద అమ్మకూ చిన్నమ్మకూ తెలుగులో చెప్పినాను. విత్తనానికి చెనక్కాయలు ఒలిచే రోజులవి. చేతులకు పని ఉంది, చెవులు ఖాళీగా ఉన్నాయి. పేర్లు నోరు తిరగవేమోనని నేను మనవైపు పేర్లు పెట్టబోతే చిన్నమ్మ ఒప్పుకోలేదు. "వాని పేరు టిరియన్ అయితే టిరియన్ అనే చెప్పు, రంగడని ఎందుకంటావు" అనింది. సింహాసనం ఎవరికి దక్కుతుందని మాత్రం అమ్మ ఒక్కసారి కూడా అడగలేదు. నాతో కలిసి చదివిన స్నేహితులందరం గంటలకొద్దీ తన్నుకున్నది ఆ ప్రశ్న మీదే. అమ్మ అడిగినవి వేరే. ఆ ప్రశ్నలు విన్నాకే ఈ నవలలో నాకు నిజంగా కావాల్సిన జవాబులు ఏవో తెలిసొచ్చింది.

మార్టిన్ రాసే పద్ధతి తెలిస్తే ఇది అర్థమవుతుంది. దాదాపు ప్రతి అధ్యాయానికి ఒక మనిషి పేరే తలకట్టు. ఆ మనిషి చూసింది, విన్నది, గుర్తు తెచ్చుకున్నదే మనకు దక్కుతుంది. 1996లో వచ్చిన మొదటి పుస్తకంలో ముందుమాట లాంటి తొలి అధ్యాయం తీసేస్తే ఇట్లా 8 మంది కళ్ళున్నాయి. క్యాటలిన్ కొడుకు రాబ్ స్టార్క్ రాజయ్యి, యుద్ధాలు గెలిచి, పెళ్ళి విందులో చచ్చిపోయినా వాని కళ్ళతో ఒక్క పేజీ కూడా లేదు. వాని మనసులో ఏముండిందో వాళ్ళమ్మ మొహంలో చూసి మనం ఊహించుకోవాల్సిందే. అందుకని ఈ కథలో ఖాళీలు రెండు రకాలు. రచయిత ఇంకా రాయలేదు కాబట్టి తెలియనివి కొన్ని. ఎవరి నోటికీ అవకాశం ఇవ్వలేదు కాబట్టి తెలియనివి కొన్ని. నాకు ఈ రెండో రకం మీదే ప్రాణం.

జవాబు చెప్పడం ఆయనకు చేతకాదని మాత్రం ఎవరూ అనకూడదు. మొదటి పుస్తకం మొత్తం నడిచేది రాజు మంత్రి జాన్ ఆరిన్‌ను ఎవరు చంపినారనే అనుమానం మీద. లానిస్టర్లే చంపినారని ఆయన భార్య లైసా తన అక్క క్యాటలిన్‌కు రహస్యంగా ఉత్తరం రాస్తుంది. దాన్ని నమ్మి క్యాటలిన్ మొగుడు నెడ్ స్టార్క్ రాజధానికి పోతాడు, తల పోగొట్టుకుంటాడు, దేశం తగలబడుతుంది. 2000లో వచ్చిన మూడో పుస్తకం చివర్లో, మనం ఆ ప్రశ్న అడిగినట్టు కూడా మర్చిపోయినాక, లైసా ఏడుస్తూ తానే అరుస్తుంది: మొగుని సారాయిలో విషం కలిపింది తానే, కలపమన్నదీ ఉత్తరం రాయమన్నదీ పీటర్ బేలిష్. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి మొదటి పుస్తకం తెరిచి, ఉత్తరం వచ్చిన అధ్యాయం మళ్ళీ చదివినాను. ఒక్క అక్షరం తప్పిపోలేదు. ఇట్లా ముడి విప్పగలిగినవాడు మిగతా ముళ్ళు ఊరికే వేసి ఉండడు.

జాన్ స్నో తల్లి ముడి అట్లాంటిదే. వాడు ఇంకొకతెకు పుట్టిన తన కొడుకని చెప్పి నెడ్ ఇంట్లో పెంచినాడు. నెడ్ చెల్లెలు లయానా రక్తపు మడుగులో పడుకుని అన్న దగ్గర ఏదో మాట తీసుకుంటుంది. ఆ మాట ఏమిటో నెడ్ తన తలపుల్లో కూడా పూర్తిగా పలకడు. జాన్ ఆమెకూ, ఇప్పటి రాజు కూల్చిన వంశపు రాకుమారుడు రేగర్‌కూ పుట్టిన బిడ్డ అని చాలామంది పాఠకుల ఊహ. ఆ బురుజు దగ్గర ఇటు ఏడుగురు, అటు ముగ్గురు కొట్లాడితే బతికింది ఇద్దరే: నెడ్, హౌలండ్ రీడ్. నెడ్ పోయినాడు. హౌలండ్ రీడ్ ఇప్పటిదాకా వచ్చిన ఐదు పుస్తకాల్లో ఒక్కసారి కూడా కనపడలేదు. బురదనేలల్లో, ఒకచోట నిలవకుండా తేలే కోటలో ఉంటాడు. పిల్లలిద్దర్నీ నెడ్ కొడుకు బ్రాన్ దగ్గరికి పంపినాడు గాని తాను కదలలేదు. రాబ్ చచ్చేముందు తన వారసుడెవరో రాయించి సర్దార్ల చేత ముద్రలు వేయించిన కాగితం ఒకటుంది. ఆ తరవాత ఇద్దరు సర్దార్లను ఈ హౌలండ్ రీడ్ దగ్గరికే పంపినాడు. వాళ్ళూ మళ్ళీ కనపడలేదు. జాన్ పుట్టుక రహస్యమూ, జాన్‌కు రాజ్యం రాసిచ్చి ఉండగల కాగితమూ రెండూ ఒకే మనిషి వాకిట్లోకి చేరి ఉంటే అది ఊరికే జరిగింది కాదు.

దీని మీద అమ్మ అడిగింది వేరు. "అన్నేండ్లు మొగుడు ఇంకొకతెతో బిడ్డను కన్నాడనుకుని ఆయమ్మ ఆ పిల్లోని మొగం చూసి కుళ్ళింది గదా. ఆ పిల్లోడు చెల్లెలి బిడ్డయితే పెండ్లానికి చెప్పేదానికేమి?" చెప్తే రాజు చంపుతాడు కాబట్టి చెప్పలేదని నేనన్నా. "పెండ్లాం పోయి రాజుకు చెప్తుందా?" అనింది. దీనికి నా దగ్గర జవాబు లేదు. పుస్తకంలోనూ లేదు. నెడ్‌ను ధర్మరాజుగా చూసే అలవాటు నాకు ఆ రోజుతో కొంచెం తగ్గింది.

ఇంక నిమ్మచెట్టు. దీని దగ్గర నేను ఎవరికీ తగ్గను. దేశం విడిచి పారిపోయి పెరిగిన రేగర్ చెల్లెలు డెనేరిస్‌కు చిన్నప్పటి జ్ఞాపకం ఒకటుంది: బ్రావోస్ నగరంలో ఎర్ర తలుపు ఇల్లు, తన కిటికీ బయట నిమ్మచెట్టు, తనను సాకిన ముసలి విలెమ్ డారీ. కథంతా ఆ పిల్ల మనసులో ఇల్లంటే అదే. అయితే నాలుగో పుస్తకంలో నెడ్ కూతురు ఆర్య బ్రావోస్‌లో దిగినప్పుడు గమనించేదేమిటంటే, అక్కడ చెట్లే లేవని. రాయి, ఉప్పునీళ్ళు, పొగమంచు. పెద్దోళ్ళ తోటల్లో తప్ప చెట్టనేది లేని ఊరది.

మా పెదనాయనకు నార్పల దగ్గర చీనీ తోట ఉంది. చీనీ, నిమ్మ ఒకే జాతి. చెట్టు మొదలుకు నీళ్ళు తగిలితే బంక కారే తెగులు వస్తుందని మొదలు చుట్టూ మట్టి ఎగదోసి, దాని అవతల పాదు చేసి అందులో నీళ్ళు పెడతారు. పూత రావాలంటే కొన్నాళ్ళు నీళ్ళు ఆపి ఆకు వాడనిస్తారు. ఎండ కావాల, నీరు నిలవని నేల కావాల. ఉప్పునీళ్ళ మధ్య, మంచు ముసురులో, ఊరు విడిచి పారిపోయి వచ్చినవాళ్ళు దాక్కున్న ఇంటి కిటికీ కింద నిమ్మచెట్టు ఉందంటే పెదనాయన ఒకటే అడుగుతాడు: నీళ్ళు ఎవరు పెట్టినారు? నిమ్మ, నారింజ బాగా కాసేది దక్షిణాన ఉన్న డోర్న్‌లో. ఐదో పుస్తకంలో డెనేరిస్ చేతికి అందే పెళ్ళి ఒప్పందం ఒకటుంది. డెనేరిస్ ఇంకో అన్న విసెరిస్‌కు డోర్న్ రాకుమారిని ఇస్తామని విలెమ్ డారీ, డోర్న్ తరఫున ఓబెరిన్ చేవ్రాలు చేస్తే, బ్రావోస్ ఏలిక సాక్షిగా నిలబడినాడు. అయితే ఆ ఇల్లు ఏలికవారి తోటల్లోదన్నా కావాల, లేకుంటే ఆ పిల్ల పెరిగింది బ్రావోస్‌లో కాదన్నా కావాల. రెండోదే నిజమైతే, ఆమెకు చిన్నప్పటి నుంచి చెప్పినదాంట్లో ఇంకెంత అబద్ధం ఉంది?

చాలామంది కొట్లాడే ప్రశ్నలు రెండు నేను తొందరగా దాటేస్తాను. యంగ్ గ్రిఫ్ అనే కుర్రోడు నిజంగా రేగర్ కొడుకేనా? కాదనే నా నమ్మకం, డెనేరిస్‌కు దర్శనంలో కనపడిన గుడ్డ డ్రాగన్ వీడే. కానీ వానికి తాను దొంగ అని తెలీదు, అది చాలు నాకు వాని మీద జాలి పడేదానికి. జాన్ స్నో కత్తిపోట్లతో పడిపోయినాడు గదా, లేస్తాడా? లేస్తాడు. ఐదో పుస్తకం మొదలయ్యేదే చచ్చినాక తోడేలు ఒంట్లో దూరి బతికే మనిషితో. జాన్ చివరిగా పిలిచింది తన తోడేలును. దీంట్లో దాచిందేమీ లేదు.

ఈ పుస్తకాల మీద తీసిన 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' సీరియల్ 2019లోనే అయిపోయింది గదా, ఇంకా ఏం ప్రశ్నలని కొందరు అంటారు. ఆ సీరియల్లో చచ్చి లేచిన క్యాటలిన్ లేదు, గ్రిఫ్ లేడు. లేని మనుషుల గురించి అది జవాబెట్లా చెప్తుంది? సగంలో ఆగిన పుస్తకం మన తెలుగువాళ్ళకు కొత్త కాదు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయినాడు. తిక్కన ఆ ఖాళీని ముట్టుకోకుండా విరాటపర్వంతో మొదలుపెట్టినాడు. 14వ శతాబ్దంలో ఎఱ్ఱన దాన్ని పూరించి, నన్నయ చేత భారతం రాయించిన రాజరాజనరేంద్రునికే అంకితమిచ్చినాడు. అయితే ఎఱ్ఱన ముందర వ్యాసుని సంస్కృత భారతం ఉంది. మార్టిన్ కథకు వ్యాసుడూ ఆయనే, నన్నయా ఆయనే. ఆరో పుస్తకం ఆయన రాయాల్సిందే, ఇంకెవరు రాసినా నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

ఆ పుస్తకంలో నాకు కావాల్సింది టైషా.

జేమీ తమ్ముడు టిరియన్‌కు పదమూడేళ్ళప్పుడు దారిలో మగాళ్ళు తరుముతున్న ఒక పిల్లను అన్నదమ్ములిద్దరూ కాపాడతారు. సేద్యం చేసుకునేవాని కూతురు, తండ్రి జ్వరంతో పోయి అనాథ అయింది, పేరు టైషా. ఆ పిల్లా టిరియన్ తాగిన పూజారి ముందర పెళ్ళి చేసుకుని సముద్రం పక్కన చిన్న ఇంట్లో కొన్నాళ్ళు కాపురం చేస్తారు. తండ్రి టైవిన్‌కు తెలుస్తుంది. అది పెళ్ళి కాదు, నీకోసం డబ్బిచ్చి తెచ్చిన ఆడది అని కొడుకుకు జేమీ నోటితో చెప్పిస్తాడు. ఆ పిల్లను తన బంట్లకు అప్పగించి, కొడుకును నిలబెట్టి చూపిస్తాడు. ఇది అమ్మకు చెప్పేటప్పుడు సగం మింగేసినాను. ఒలిచే చేతులు ఆగిపోయినాయి, ఆమెకు అర్థమైందని తెలిసింది. మూడో పుస్తకం చివర్లో జేమీ నిజం చెప్తాడు: ఆ పిల్లను డబ్బిచ్చి తెచ్చినానన్నది అబద్ధం, నాయన చెప్పమన్నాడు. టిరియన్ పోయి తండ్రిని అడుగుతాడు, ఆమె ఎక్కడికి పోయింది? అట్లాంటివాళ్ళు పోయే చోటికే అంటాడు టైవిన్. బాణం దిగుతుంది.

తండ్రిని చంపినందుకు నేను చాలాకాలం ఇది టిరియన్ కథ అనే చదివినాను. ఐదో పుస్తకమంతా టిరియన్ కనపడినోళ్ళనల్లా అదే ప్రశ్న అడుగుతూ పోతాడు. అమ్మ మాత్రం "వాడు అడుగుతాండేది ఆ పిల్ల కోసమా, వాని మనసు కోసమా? వెతకల్లనుకున్నోడు ఆ పిల్ల పుట్టిన ఊరికి పోతాడు గాని ఓడెక్కి దేశాలు తిరుగుతాడా? ఆ పిల్ల ఏమైపాయ?" అనింది. చిన్నమ్మ అయితే "ఆ పిల్లకు అయినోళ్ళు ఎవరైనా ఉండల్ల గదా, వాళ్ళు ఏమైపాయిరి?" అనింది. అప్పటికి ఐదు పుస్తకాలూ చదివేసిన నాకు ఆ పిల్లకు ఇల్లొకటి ఉంటుందనే తలపే రాలేదు.

బ్రావోస్‌లో ఒక వేశ్య ఉంది, నావికుని పెండ్లాం అని పిలుస్తారు. తన దగ్గరికి వచ్చిన ప్రతి మగానితో ముందు పెళ్ళి తంతు జరిపించుకుంటుంది. మొదటి మొగుడు సముద్రంలో తప్పిపోయినాడంటారు. లానా అనే కూతురుంది. ఆమే టైషా అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు అది కాకూడదని ఉంది. టైవిన్ అన్న మాటే నిజమైపోతే ఆ ముసలోడు చచ్చి కూడా గెలిచినట్టు.

టిరియన్ ఆమెను వెతికి పట్టుకుని కాళ్ళ మీద పడే సన్నివేశం కూడా నాకు వద్దు. ఆమె పేరుతో ఒక అధ్యాయం కావాల. ఆ సముద్రపు ఇంటిని, ఆ బంట్లను, ఆ పదమూడేళ్ళ కుర్రాన్ని ఆమె ఎట్లా గుర్తు పెట్టుకుందో, లేక గుర్తు పెట్టుకోదల్చలేదో, ఆమె కళ్ళతో చదవాల. పొద్దున లేచి ఏం పని చేసుకుంటుంది, ఎవరితో ఉంది, పుట్టిన ఊరికి మళ్ళీ పోగలిగిందా, అన్నీ. ఆమె ఎక్కడుందో టిరియన్‌కు తెలియకపోయినా పర్వాలేదు. మాకు తెలియాల.