మాలకొండ మెట్ల మీద పెదనాన్న ఊపిరి

మాలకొండ గుడి శనివారం మాత్రమే తెరుస్తారు. అందుకే శనివారం తెల్లవారకముందే మార్కాపురంలో పెదనాన్నను కారెక్కించుకుని పొదిలి, కనిగిరి, పామూరు మీదుగా బయలుదేరాం. ఆయనకు డెబ్బై నాలుగేళ్లు. వయసులో ఉన్నంతకాలం పలక రాయి కోశారు. ఎక్కడెక్కడి బడిపిల్లలకో పలకలు పంపిన ఊరు మార్కాపురం. ఆ రాతిలోని సిలికా దుమ్ము మాత్రం కోసినవాళ్ల ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. పెదనాన్నకు సిలికోసిస్. ఆ మాట తలచుకున్నప్పుడల్లా నాకు కడుపు రగులుతుంది.

మాల్యాద్రి నరసింహస్వామి దర్శనం తొందరగానే అయింది. చీలిన బండల నడుమ ఇరుకు దారిలో పైకెక్కి అమ్మవారిని కూడా చూడాలని ఆయన పట్టుబట్టారు.

నేను వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం చెబుతాను. గాలి పలచబడేంత ఎత్తు కాదు మాలకొండ. నా బెంగంతా ఎక్కడం గురించే. కూర్చున్నప్పుడు ఎర్ర రక్తకణం ఊపిరితిత్తుల్లోని అతి సన్నని రక్తనాళాలైన కేశనాళికల్లో దాదాపు ముప్పావు సెకను ఉంటుంది. బాగా శ్రమపడితే రక్తం పరుగెత్తి, ఆ వ్యవధి పావు సెకనుకు పడిపోతుంది. ఆరోగ్యవంతుడికి అదీ చాలు. మచ్చలు కట్టి గోడలు మందమైన ఊపిరితిత్తుల్లో ఆ పావు సెకనులో ఆక్సిజన్ పూర్తిగా రక్తంలోకి చేరదు.

కింద కూర్చున్నప్పుడు, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటరులో 93 ఉంది. కొన్ని మెట్లెక్కి ఆగాం. నేను, చెల్లెలు రొప్పుతున్నాం. పెదనాన్న కర్ర ఆనించుకుని నిమ్మళంగా నిలబడ్డారు. వేలికి పెట్టి చూస్తే 84.

"ఆయాసంగా ఉందా పెదనాన్నా?"

"లేదు నాయనా. కాళ్లే కాస్త బరువుగా ఉన్నాయి."

ఆ జవాబే నన్ను భయపెట్టింది. మెడలో కెరోటిడ్ ధమని చీలేచోట బియ్యపుగింజంత అవయవం ఒకటి ఉంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే అది మెదడుకు కబురు పంపుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది. ఆ సంగతి తేల్చినందుకే కార్నేయ్ హేమన్స్‌కు 1938 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. వయసు మీదపడ్డాక ఆ కబురుకు స్పందన మందగిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను, యువకులను పోల్చిన 1973 నాటి పరిశోధనలో, ఆక్సిజన్ తగ్గించినప్పుడు వృద్ధుల ఊపిరీ గుండె వేగమూ యువకులకంటే చాలా తక్కువగా పెరిగాయి. కరోనా రోజుల్లో అంకె బాగా పడిపోయినా మామూలుగా మాట్లాడుతూ కూర్చున్న పెద్దవాళ్లను మనమందరం చూశాం. పెద్దవాళ్లను ఆయాసం ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. పెదవుల రంగు, మాట తడబాటు, అకారణమైన నీరసం చూడాలి.

పైగా 90 దగ్గర నుంచి లెక్క మారిపోతుంది. అంతకు పైన ఆక్సిజన్ పీడనం కొంత తగ్గినా రక్తం తట్టుకుంటుంది, ఆ కిందికి జారితే కాస్త తగ్గుదలకే అంకె దబదబా పడుతుంది. నేను 98 నుంచి బయలుదేరాను. పెదనాన్న ఆ అంచు మీద నుంచే బయలుదేరారు.

ఆయన్ను నీడన కూర్చోబెట్టాను. పెదవులు సున్నాలా చుట్టి నెమ్మదిగా ఊపిరి వదలమన్నాను. అంకె 91కి రావడానికి చాలాసేపు పట్టింది.

"ఇంత దూరం వచ్చి అమ్మను చూడకుండానా?" అన్నారు. ఆయన గొంతు వణికింది. నాకూ మాట పెగల్లేదు. చెల్లెలు ఒక్కతే పైకి వెళ్లి కుంకుమ తెచ్చింది.

తిరుగు దారిలో ఊపిరితిత్తుల డాక్టరుకు ఫోను చేశాను. ఆరు నిమిషాల నడక పరీక్ష చేసి, నడిచేటప్పుడు ఎంత ఆక్సిజన్ కావాలో చూద్దామన్నారు. మోసుకెళ్లగల చిన్న సిలిండరు గురించి కూడా చెప్పారు. పెదనాన్న వెనక సీట్లోంచి అంతా విని, దాని బరువెంతో అడగమన్నారు.