శిలాతోరణంలో ఇసుక గీతలు

తిరుమల శిలాతోరణానికి వచ్చినవాళ్లు చాలామంది కంచె దగ్గర సెల్ఫీ దిగి చక్రతీర్థం వైపు వెళ్లిపోతారు. తోరణం వెడల్పు సుమారు 8 మీటర్లు, ఎత్తు 3. దానికంటే రాతిలోని గీతలే అందం అంటాను. అది క్వార్ట్‌జైట్, ఒకప్పుడు నీళ్లు తెచ్చిపోసిన ఇసుకే గట్టిపడి రాయైంది.

అడ్డంగా సాగే రెండు పొరల మధ్య ఏటవాలుగా సన్న గీతలు వెతకండి. నీళ్లు పేర్చిన ఇసుక తిన్నె వాలు గుర్తులే అవి. కింది కొస మెల్లగా వంగి పొరలో కలిసిపోతుంది. పై కొస కత్తితో కోసినట్టు తెగిపోతుంది, తర్వాత వచ్చిన నీళ్లు ఇసుక తిన్నె తలను కోసుకుపోయాయి కాబట్టి. గీత ఎటు కిందికి వాలితే ప్రవాహం అటు పోయినట్టు. వంపు కింద, కోత పైన ఉంటే పొర తలకిందులు కాలేదని కూడా లెక్క.

మిట్టమధ్యాహ్నం వెళ్తే దండగ, నీడ పడదు. పొద్దున్నేగానీ పొద్దు వాలాకగానీ, ఏటవాలు వెలుగులోనే గీతలు లేచి కనిపిస్తాయి. కంచె దాటొద్దు, ఫోన్ జూమ్ చాలు.

పొరలన్నిటినీ తెంపుకుంటూ తిన్నగా పోయేది మాత్రం ఇసుక గీత కాదు, పగులు. పైనుంచి కారినట్టుండే నల్ల చారలు? వాననీటి మరకలు.