పక్క మంచం ఖాళీ అయితే

దుబాయ్ లేబర్ క్యాంపులో ఒక మనిషి పోతే గదిలోవాళ్ళకు ఏడ్చే తీరిక ఉండదు, ఆఫీసుల చుట్టూ తిరగడానికే సరిపోతుంది. ఒకరకంగా అదే మేలు. ఆస్పత్రి కాగితం, పోలీసుల అనుమతి, మరణ ధ్రువీకరణ, భారత కాన్సులేట్ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), రద్దు చేసిన పాస్‌పోర్టు, శవం చెడకుండా మందు పట్టించారనే ఎంబామింగ్ సర్టిఫికెట్, ఆఖర్న కార్గో బుకింగ్. ఒకటి ఆగితే వెనకవన్నీ ఆగుతాయి.

తరచూ ఆగేది ఊరి నుంచి రావాల్సిన కాగితం దగ్గర. శవాన్ని పంపే అధికారం ఫలానా మనిషికి ఇస్తున్నామని వారసులు రాసివ్వాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరమే. పెళ్ళికి ముందు తీసిన పాస్‌పోర్టయితే భార్య పేరే కనబడదు. అందుకే పాస్‌పోర్టు, వీసా, బీమా, ఆధార్ ఫొటోలు బతికుండగానే ఇంట్లో ఒకరి ఫోన్లో, గదిలో ఒకరి ఫోన్లో ఉండాలి. అపశకునం అంటారు, అననివ్వండి.

శవాన్ని పంపే ఖర్చు కంపెనీదే. అది చేతులెత్తేస్తే కాన్సులేట్ దగ్గర సంక్షేమ నిధి ఉంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రమాదంలో పోతేనే 10 లక్షలిస్తుంది. నిద్రలో గుండె ఆగితే ఆ డబ్బు రాదు. 275 రూపాయల ప్రీమియం రెండేళ్ళకే, రెన్యువల్ మాట చాలామందికి గుర్తుండదు. తెలంగాణ ప్రభుత్వమిచ్చే 5 లక్షలు వేరు. ఏడాది సర్వీసు దాటితే గ్రాట్యుటీ వారసులది: మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం చొప్పున.

సూట్‌కేసు ఒక్కరే సర్దకూడదు. ఇద్దరి ఎదుట ప్రతి వస్తువూ రాసి, నగదు లెక్కపెట్టి, ఫొటో తీసి ఇంటికి పంపాలి. పిల్లలకని కొన్న చాక్లెట్లు, సగం వాడిన జండూబామ్, ధర చీటీ తీయని చీర. పనికిరాదనిపించిందీ పారేయొద్దు. సిమ్ కూడా తీసేయొద్దు, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. తెల్లవారుజామున నాలుగింటి అలారం మాత్రం ఎవరో ఒకరు ఆపాలి.

ఇంత తిరిగినవాడు జీతం కోయించుకుని తిరుగుతాడు. శంషాబాద్‌లో పెట్టె దించుకున్న ఇంటివాళ్ళకు అతని మొహం కూడా తెలియదు. దినాలయ్యాక గదికి వీడియో కాల్ చేసి, ఒక్కొక్కరినీ పేరడిగి, "మీరు తిన్నారా బిడ్డా" అనే తల్లులున్నారు. ఆ ఫోనొచ్చిన గదిలో వారం దాకా పప్పు నీళ్ళగా ఉందని ఎవరూ గొణగరు.