ఎరుగుటయే నిత్యజీవము

ప్రభువు పేరట అందరికీ వందనాలు. యోహాను 17:3 మనకి కంఠతా వచ్చిన వాక్యమే, "అద్వితీయ సత్యదేవుడవైన నిన్నును, నీవు పంపిన యేసుక్రీస్తును ఎరుగుటయే నిత్యజీవము". అమెరికాలోని హార్వర్డ్ కాలేజీలో 1640ల్లో పిల్లలకి పెట్టిన రూల్స్‌లో ఈ వాక్యమే ఉంది! నీ బతుక్కీ చదువుకీ అసలు గురి దేవుణ్ణి ఎరగడమే, అందుకే క్రీస్తుని అడుగున పునాదిగా వేసుకో అని రాశారు, రోజుకి రెండుసార్లు వాక్యం చదవాలని కూడా.

నాకు ఆ "ఎరుగుట" దగ్గరే మనసు ఆగిపోతుంది. తెలియడం వేరు, ఎరగడం వేరు. మా ఊళ్ళో "ఆయన తెలుసు" అంటే పేరు తెలుసని, "ఆయన్ని ఎరుగుదును" అంటే ఆ ఇంట్లో అన్నం తిన్నానని. మత్తయి 7లో చూడండి, నీ నామమున ప్రవచించాం, దయ్యాలు వెళ్ళగొట్టాం అన్నవాళ్ళకి యేసు నామం బాగానే తెలుసు, కానీ ఆయనేమన్నాడు, "నేను మిమ్మును ఎన్నడును ఎరుగను". ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఉన్న సేవకులు, అంటే పాస్టర్లు, మట్టిలో కలిసిపోయాక సంఘాలకి చదువురాని సేవకులే మిగులుతారేమో అన్న భయం ఆ కాలేజీ వెనకుంది. 1636లో మసాచుసెట్స్ సభ దానికి డబ్బు కేటాయించింది, జాన్ హార్వర్డ్ అనే సేవకుడు 1638లో చనిపోతూ ఆస్తిలో సగమూ, దాదాపు 400 పుస్తకాలూ రాసిచ్చాడు. 1644లో అయితే ఒక్కో ఇంటి నుంచి కొంచెం ధాన్యం ఇమ్మని అడిగారు, పేద విద్యార్థుల కోసం. మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కడిగే ముందు ఒక గుప్పెడు తీసి ప్రభువు డబ్బాలో వేసేది, నాకదే గుర్తొచ్చి కళ్ళనీళ్ళొచ్చాయి.

ఇప్పుడు మనం? మందిరంలో పాస్‌పోర్టు, ఐ-20 కాగితాలు (అమెరికా కాలేజీ సీటు ఇచ్చాక వీసా కోసం పంపేవి) పట్టుకొచ్చి ప్రార్థన చేయించుకుంటాం, వీసా రాగానే కృతజ్ఞతార్పణ కవరు ఇస్తాం, అంతే, పిల్లాడు అక్కడ ఆదివారం ఎక్కడున్నాడో అడగం. నేనూ అదే చేశాను. మా అబ్బాయి వీసా కోసం ఇరవై ఒక్క రోజులు ఉపవాసం ఉన్నదాన్ని, తీరా బయల్దేరే రాత్రి సూట్‌కేసు బరువు ఎక్కువైందని, ఫోన్‌లో ఉందిగా అనుకుని, బైబిల్ తీసేసి గోంగూర పచ్చడి డబ్బా ఉంచాను. ప్రభువా క్షమించు.

అక్కలారా అన్నలారా, సీటు కోసం, వీసా కోసం ప్రార్థన మానొద్దు. కానీ సూట్‌కేసు సర్దేటప్పుడు బైబిల్ ముందు పెట్టండి, అన్నిటికన్నా అడుగున, మిగతావి దాని మీద సర్దండి. వాడి బైబిల్ ఇంకా మా అలమరలోనే ఉంది, లోపల వాడు సండే స్కూల్లో గీసిన గొర్రెపిల్ల బొమ్మతో సహా. వచ్చే నెల మా సంఘంలో ఒకమ్మాయి వెళ్తోంది, ఆ పిల్ల చేతికిచ్చి పంపిస్తున్నాను.